రెండు హెడ్‌ల చవక వీసీఆర్: కొన్నవారి మాటల్లో నిజమెంత

తక్కువ ధరకు దొరికే ఇంటి వీసీఆర్ (టీవీ కార్యక్రమాలను క్యాసెట్ టేపు మీద రికార్డు చేసి ఆడించే యంత్రం) గురించి కొన్నవారు రాసిన అభిప్రాయాలను వరుసగా చదివితే మొదట కలిగేది అయోమయమే. ఒకే నమూనాను ఒకరు ఆకాశానికెత్తుతారు, మరొకరు టేపులు నమిలేసే యంత్రమని తిట్టిపోస్తారు. ఒకరికి తేటగా కనిపించిన బొమ్మ ఇంకొకరికి మసకగా, రంగులు అంచులు దాటినట్టుగా కనిపిస్తుంది. వీరిలో అబద్ధమాడేవారు ఎవరూ ఉండకపోవచ్చు. ఒక్కొక్కరు యంత్రంలోని ఒక్కో భాగం గురించి మాట్లాడుతున్నారు, చాలాసార్లు యంత్రాన్ని వదిలేసి అందులో పెట్టిన టేపు గురించో, వెనక తగిలించిన వైరు గురించో మాట్లాడుతున్నారు. ఆ మాటలను యంత్రం పనిచేసే తీరుతో సరిచూసి, ఏ మెప్పును నమ్మవచ్చో, ఏ ఫిర్యాదును పట్టించుకోవాలో ఇక్కడ పరిశీలిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ తరగతి యంత్రంలో తయారీదారు పొదుపు చేసింది శబ్దంలోనూ, నిలిపిన బొమ్మలోనూ, టేపును నడిపే మెకానిజంలోనూ. మామూలుగా ఆడే బొమ్మలో పొదుపు చేసింది చాలా తక్కువ. అయినా ఫిర్యాదుల్లో పెద్ద భాగం ఆ బొమ్మ మీదే ఉంటుంది.

యంత్రం సంగతి ముందు చూద్దాం. ఇక్కడ చర్చిస్తున్నది వీహెచ్‌ఎస్ అనే క్యాసెట్ పద్ధతిలో పనిచేసే, డ్రమ్ అనే తిరిగే సిలిండర్ మీద బొమ్మను రాసి చదివే వీడియో హెడ్‌లు రెండే ఉన్న, మోనో శబ్దం మాత్రమే ఇచ్చే, క్యాసెట్‌ను ముందువైపు నుంచి తోసే సాధారణ వీసీఆర్. ఆటోమేటిక్ ట్రాకింగ్ (హెడ్‌లను టేపు మీది గీతలకు తనంతట తానే సరిపెట్టుకోవడం), తెర మీద కనిపించే మెనూ, కొన్ని కార్యక్రమాలను ముందుగా గుర్తుపెట్టుకునే టైమర్, రిమోట్ ఇందులో ఉంటాయి. హైఫై అనే మేలురకం శబ్దం, వెలుగునూ రంగునూ విడివిడిగా పంపే ఎస్-వీడియో సాకెట్, ఎడిటింగ్ సౌకర్యాలు ఉండవు. కంపెనీ పేరు చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది. ఈ తరగతిలో యంత్రం మీద ఉండే పేరు ఒకరిది, తయారీ మరొకరిది కావడం మామూలే. జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ తయారు చేసిన యంత్రాలు ఎమర్సన్, సిల్వేనియా, మాగ్నావాక్స్ వంటి పేర్లతోనూ అమ్ముడయ్యాయి. ముందు పలక, బటన్ల వరుస మారినా లోపలి మెకానిజం ఒకటే అయినప్పుడు, ఒక పేరు మీద వచ్చిన మెప్పూ మరో పేరు మీద వచ్చిన తిట్టూ ఒకే యంత్రానికి చెందుతాయి. కాబట్టి పేరును బట్టి అభిప్రాయాలను వేరు చేయడం కన్నా, రాసిన సమయాన్ని బట్టి, రాసినవారి వాడకాన్ని బట్టి వేరు చేయడం మేలు.

కొన్న వెంటనే రాసిన అభిప్రాయాల్లో బొమ్మ, మెనూ, రిమోట్, గడియారం తప్ప మరొకటి కనిపించదు, ఎందుకంటే అప్పటికి యంత్రం చూపించినవి అవే. రబ్బరు పట్టు సడలడం, హెడ్‌లు అరగడం, మెకానిజం గాడి తప్పడం వంటివి బయటపడేది ఏడాదో రెండేళ్లో నడిచాక. అప్పుడు రాసేవారిలో విసిగినవారే ఎక్కువ. సజావుగా నడుస్తున్న యంత్రం గురించి మళ్లీ కలం పట్టే ఓపిక ఎవరికీ ఉండదు. అందువల్ల తొలి మెప్పులు కాస్త ఎక్కువగా, తర్వాతి తిట్లు కాస్త గట్టిగా వినిపిస్తాయి. ఈ రెండింటి మధ్య, చాలాకాలం వాడి ఫలానా పనికి పనికివచ్చింది, ఫలానా పనికి రాలేదు అని ఓపికగా రాసినవి అరుదు. దొరికితే వాటిని రెండుసార్లు చదవాలి.

ఇక బొమ్మ. "బొమ్మ మసకగా ఉంది, టీవీలో నేరుగా వచ్చినంత బాగా లేదు" అన్న ఫిర్యాదు పదేపదే కనిపిస్తుంది. అది నిజమే, కానీ అందులో చవక యంత్రం తప్పు చాలా కొంచెం. వీహెచ్‌ఎస్ పద్ధతిని జేవీసీ 1976లో మార్కెట్‌లోకి తెచ్చినప్పుడే దాని హద్దు నిర్ణయమైపోయింది. అడ్డంగా లెక్కిస్తే ఈ టేపు పట్టి ఉంచగల వివరం దాదాపు 240 గీతలు మాత్రమే. ప్రసారంలో నేరుగా వచ్చే బొమ్మలో వివరం అంతకన్నా స్పష్టంగా ఎక్కువ. రంగు విషయంలో పరిస్థితి ఇంకా ఇరుకు. రంగు సంకేతాన్ని 627 కిలోహెర్ట్జ్ దగ్గరికి దించి టేపు మీద రాస్తారు కనుక దానికి మిగిలే చోటు చాలా తక్కువ. ఎర్రటి బట్ట అంచు దాటి పక్కకు పారినట్టు కనిపించడం అందుకే. ఎంత ఖరీదైన వీహెచ్‌ఎస్ యంత్రం కొన్నా ఈ రెండు హద్దులూ దాటలేదు. 1987లో వచ్చిన ఎస్-వీహెచ్‌ఎస్ మొదటి హద్దును దాదాపు 400 గీతల వరకు జరిపింది గాని, దానికి వేరే యంత్రం, వేరే టేపు కావాలి, రంగు ఇరుకు అప్పటికీ తీరలేదు. కాబట్టి చవక యంత్రంలో బొమ్మ మసకగా ఉందని విసుక్కుని ఖరీదైన హైఫై వీహెచ్‌ఎస్ యంత్రానికి మారినవారు, మామూలు వేగంలో మంచి టేపు మీద రికార్డు చేసి పక్కపక్కన పెట్టి చూస్తే, ఆశించినంత తేడా కనిపించక నిరాశపడతారు.

మొదటి వారపు ఫిర్యాదుల్లో మరికొన్నింటికి కారణం వైరు. ఇలాంటి యంత్రాన్ని టీవీకి రెండు రకాలుగా తగిలించవచ్చు: యాంటెన్నా సాకెట్ ద్వారా ఒక ఛానెల్ మీద చూడటం ఒకటి, పసుపుపచ్చ, తెల్ల రంగుల సాకెట్లనో, పలు పిన్నులుండే స్కార్ట్ సాకెట్‌నో వాడి నేరుగా వీడియోను, శబ్దాన్ని పంపడం రెండోది. మొదటి పద్ధతిలో బొమ్మను మళ్లీ ఛానెల్‌గా మార్చి, టీవీలో మళ్లీ విప్పాలి. ఆ రాకపోకల్లో కొంత వివరం పోతుంది, పక్క ఛానెళ్ల అలికిడి కూడా చేరుతుంది. పెట్టెలో యాంటెన్నా వైరు ఒక్కటే ఇచ్చి రెండో రకం వైరును విడిగా కొనుక్కోమనే తయారీదారులు ఉండేవారు. ఆ పిసినారితనం వల్ల మొదటి చూపులోనే చెడ్డపేరు వచ్చేది. రెండో పద్ధతిలో తగిలించాక అభిప్రాయం మార్చుకున్నామని రాసినవారు అందుకే కనిపిస్తారు.

పాజ్ నొక్కినప్పుడు తెర మధ్యలోనో కిందనో చుక్కల పట్టీ నిలుస్తుందన్న ఫిర్యాదు మాత్రం నూటికి నూరుపాళ్లు యంత్రానిదే. దాని వెనుక లెక్క సులభంగానే అర్థమవుతుంది. 62 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్, పాల్ అనే టీవీ ప్రసార పద్ధతిలో నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. దాని అంచున ఎదురెదురుగా ఉన్న రెండు హెడ్‌లు, ఏటవాలుగా చుట్టుకుని ఉన్న టేపు మీద ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న వాలు గీతలు, అంటే ట్రాక్‌లు, చదువుతాయి. ఒక్కో గీతలో సగం ఫ్రేము ఉంటుంది. టేపు సెకనుకు 23.39 మిల్లీమీటర్లు మాత్రమే కదిలినా హెడ్ దాని మీద సెకనుకు దాదాపు 4.8 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది, బొమ్మను పట్టుకోగలిగేది ఆ వేగం వల్లే. టేపు ఆగిపోగానే హెడ్ నడిచే దారి వాలు కొంచెం మారుతుంది. ఒక ట్రాక్ మీద మొదలైన హెడ్ దాన్ని పూర్తి చేయకుండా పక్కదాని మీదికి జారుతుంది, ఆ జారిన చోటే తెర మీద చుక్కలు. నాలుగు హెడ్‌ల యంత్రంలో వేరే వెడల్పు గల మరో జత హెడ్‌లు ఈ సమయంలో రంగంలోకి దిగి ఆ జారుడును చాలావరకు కప్పిపుచ్చుతాయి. రెండు హెడ్‌ల యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. ఆటల్లో ఒక క్షణాన్ని నిలిపి చూడాలనుకునేవారికి, నాట్యం నేర్చుకుంటూ అడుగును మళ్లీ మళ్లీ నెమ్మదిగా చూసేవారికి ఇది పెద్ద లోటే. వారు రాసిన కఠినమైన మాటలను పూర్తిగా నమ్మవచ్చు. సినిమా మొదటినుంచి చివరిదాకా చూసి టేపు వెనక్కి తిప్పేవారికి ఈ లోటు ఉన్నట్టు కూడా తెలియదు.

లాంగ్ ప్లే గురించి వచ్చే అభిప్రాయాలు ఇంకా చీలిపోతాయి. ఈ పద్ధతిలో టేపు సగం వేగంతో నడుస్తుంది కనుక మూడు గంటల క్యాసెట్‌లో ఆరు గంటలు పడుతుంది. కానీ ట్రాక్ వెడల్పు కూడా సగమవుతుంది. నాలుగు హెడ్‌ల యంత్రంలో ఒక్కో వేగానికి తగిన వెడల్పు గల హెడ్‌లు విడిగా ఉంటాయి. రెండు హెడ్‌ల యంత్రంలో మాత్రం అదే హెడ్ రెండు వేగాలకూ సరిపోవాలి కనుక ఏదో ఒక మధ్యస్థమైన వెడల్పుతో రాజీ పడతారు. ఫలితంగా లాంగ్ ప్లేలో బొమ్మ గరుకుగా కనిపిస్తుంది, టేపు ఏమాత్రం పాతదైనా తెల్లని మెరుపు గీతలు వస్తాయి. ధారావాహికలు రికార్డు చేసి, చూసి, చెరిపేసేవారు దీన్ని మెచ్చుకుంటారు. దాచుకోవడానికి రికార్డు చేసినవారు తిడతారు. ఇద్దరి మాటా సరైనదే, వాడకమే వేరు.

శబ్దం గురించి ఫిర్యాదులు ఆశ్చర్యం కలిగించేంత తక్కువ. నా దృష్టిలో ఈ తరగతి యంత్రంలో అసలైన చవకతనం బయటపడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. హైఫై లేని యంత్రంలో శబ్దాన్ని తిరిగే డ్రమ్ రాయదు. టేపు అంచున సన్నని పట్టీ మీద, కదలకుండా నిలబడి ఉండే మరో హెడ్ రాస్తుంది. కనుక శబ్దానికి అందే వేగం టేపు నడిచే వేగం మాత్రమే, అంటే సెకనుకు 23.39 మిల్లీమీటర్లు. పాటలు వినే మామూలు ఆడియో క్యాసెట్ సెకనుకు 47.6 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. వీడియో టేపు మీద శబ్దం అందులో సగం వేగంతో నమోదవుతుందన్నమాట. లాంగ్ ప్లేలో పావు వంతుకు పడిపోతుంది. తాళాల గలగల, వీణ తీగ మీటిన తొలి తాకిడి, హల్లుల పదును వంటి పై స్థాయి శబ్దాలు మొద్దుబారతాయి, నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట బుసబుసమనే అలికిడి వినిపిస్తుంది, టేపు వేగంలో చిన్న ఊగిసలాట ఉన్నా సాగదీసిన స్వరం వణుకుతుంది. 1980ల నడుమ వచ్చిన వీహెచ్‌ఎస్ హైఫై యంత్రాలు శబ్దాన్ని కూడా డ్రమ్ మీద ఉన్న ప్రత్యేక హెడ్‌లతో, బొమ్మ రాసే పొర కన్నా లోతైన పొరలో రాస్తాయి. ఆ శబ్దం వినికిడి పరిధినంతా దాదాపుగా పట్టుకోగలదు. రెండింటి మధ్య తేడా ఇంత ఎక్కువైనా దాని గురించి ఎవరూ గట్టిగా రాయకపోవడానికి కారణం, చవక వీసీఆర్ కొన్నవారిలో ఎక్కువమంది దాన్ని టీవీలోని చిన్న స్పీకర్ ద్వారానే వినడం. ఆ స్పీకర్ ఎలాగూ పై శబ్దాలను పలికించదు. వార్తలకూ, మాటలకూ అది చాలు. కచేరీలు రికార్డు చేసి దాచుకోవాలనుకునేవారు మాత్రం "శబ్దం బాగానే ఉంది" అన్న ముక్తసరి మాటను నమ్మి ఈ యంత్రం కొనకూడదు. నేను కఠినంగా చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే.

పాత కుటుంబ టేపులు పెడితే గీతలు వస్తున్నాయి, ఇతరుల దగ్గర తెచ్చిన క్యాసెట్లు ఊగుతున్నాయి అన్న ఫిర్యాదుల్లో న్యాయం ఉంది, కానీ దాన్ని జాగ్రత్తగా విడదీయాలి. టేపు అడుగు అంచున కంట్రోల్ ట్రాక్ అనే పట్టీ ఉంటుంది. అందులోని సంకేతాలను చూసుకుని యంత్రం తన హెడ్‌లను సరైన గీతల మీదికి తెచ్చుకుంటుంది. ఆ పట్టీని చదివే హెడ్‌కు, డ్రమ్‌కు మధ్య దూరం యంత్రానికీ యంత్రానికీ వెంట్రుకవాసి తేడాతో ఉంటుంది. ఆ తేడాను సరిదిద్దేదే ట్రాకింగ్. ఆటోమేటిక్ ట్రాకింగ్ ఉన్న యంత్రం క్యాసెట్ పెట్టిన ప్రతిసారీ తానే వెతుక్కుంటుంది. టేపు అరిగి సంకేతం బలహీనంగా ఉన్నప్పుడు తప్పుడు చోట ఆగిపోతుంది. అప్పుడు ఛానెల్ మార్చే బటన్లతోనే చేత్తో సరిచేసుకోవచ్చని వివరణ పుస్తకంలో ఎక్కడో ఒక మూల రాసి ఉంటుంది. ఆ పుట తెరవకుండానే యంత్రాన్ని దుకాణానికి తిప్పి పంపినవారు చాలామందే ఉన్నట్టు వారి మాటలను బట్టి అర్థమవుతుంది.

దీనికి రెండో పార్శ్వం ఉంది, దాన్ని పట్టించుకునేవారు తక్కువ. టేపు దారిని సవరించే గైడ్లు గాడి తప్పిన యంత్రం కూడా తాను రికార్డు చేసిన టేపులను చక్కగా ఆడిస్తుంది, ఎందుకంటే రాసిన వంకరా చదివే వంకరా ఒకటే. అదే టేపును మరో యంత్రంలో పెట్టినప్పుడు తెర పైభాగంలోనో కిందిభాగంలోనో చెదిరిన పట్టీ కనిపిస్తుంది. కాబట్టి సొంతంగా రికార్డు చేసుకున్న టేపులే చూసేవారు ఎంత మెచ్చుకున్నా, యంత్రం సరైన గాడిలో ఉందనడానికి అది రుజువు కాదు. వేర్వేరు చోట్ల తెచ్చిన టేపులను ఆడించి బాగుందన్నవారి మాటకే ఈ విషయంలో విలువ.

టేపు నమలడం గురించిన ఫిర్యాదుకు వద్దాం. తీవ్రత దృష్ట్యా మొదటి స్థానం దీనిదే, ఎందుకంటే యంత్రం పోతే మరొకటి కొనవచ్చు, నలిగిన టేపు మీద ఉన్నది తిరిగి రాదు. క్యాసెట్ లోపలికి వెళ్లగానే రెండు చిన్న స్తంభాలు టేపును బయటికి లాగి డ్రమ్ చుట్టూ ఇంగ్లిష్ ఎమ్ అక్షరం ఆకారంలో చుడతాయి. క్యాప్‌స్టన్ అనే సన్నని ఇరుసుకూ పించ్ రోలర్ అనే రబ్బరు చక్రానికీ మధ్య టేపు ఒత్తుకుని ముందుకు సాగుతుంది, సాగిన టేపును అవతలి రీలు ఎప్పటికప్పుడు చుట్టుకోవాలి. రీలు చుట్టుకోవడం ఆగితే ముందుకు వచ్చిన టేపు లోపలే కుప్పపడుతుంది. చవక యంత్రాల్లో రీళ్లకు విడిగా మోటారు ఉండదు; క్యాప్‌స్టన్‌ను తిప్పే మోటారే బెల్టు, క్లచ్, ఐడ్లర్ అనే రబ్బరు అంచు చక్రం ద్వారా రీలును కూడా తిప్పడం మామూలు. ఐడ్లర్ రబ్బరు గట్టిపడి జారడం మొదలైతే కథ అక్కడే మొదలవుతుంది. చాలా యంత్రాలు రీలు తిరగడం లేదని గుర్తించి కొన్ని క్షణాల్లో తమంతట తామే ఆగిపోతాయి. "ప్లే నొక్కితే కాసేపు ఆడి ఆగిపోతుంది" అని రాసినవారు వాస్తవానికి టేపు నమలకుండా తమను కాపాడిన రక్షణను చూస్తున్నారు. ఆ హెచ్చరికను పక్కనబెట్టి మళ్లీ మళ్లీ ప్లే నొక్కినవారే తర్వాత టేపు పోయిందని రాస్తారు.

నష్టం ఎక్కడ జరిగిందో చూస్తే కారణం కొంత తెలుస్తుంది. క్యాసెట్ బయటికి తీసేటప్పుడు టేపు ఉచ్చులా వేలాడితే రీలు వైపు అనుమానించాలి. టేపు ఒక అంచు పొడవునా మడతలు పడితే పించ్ రోలర్‌నో గైడ్లనో అనుమానించాలి. నాలుగు గంటల క్యాసెట్లలో మాత్రమే ఇలా జరుగుతుంటే కొంత బాధ్యత టేపుది, ఎందుకంటే అంత పొడవును అదే పెట్టెలో ఇమడ్చడానికి దాన్ని పలచగా చేస్తారు. బాగా చల్లటి చోటు నుంచి వెచ్చని గదిలోకి తెచ్చిన వెంటనే యంత్రాన్ని నడిపితే డ్రమ్ మీద చేరిన తేమకు టేపు అతుక్కుంటుంది. తేమను గుర్తించి ఆగిపోయే ఏర్పాటు కొన్ని చవక నమూనాల్లో ఉండదు. ఈ వివరాలేవీ లేకుండా "టేపు తినేసింది" అని ఒక్క ముక్కలో రాసిన అభిప్రాయం ఎంత కోపంగా ఉన్నా కొనేవారికి ఉపయోగపడదు.

కొన్నాక కొంతకాలానికే బొమ్మ పూర్తిగా పోయి చుక్కలు మాత్రమే మిగిలాయి, శబ్దం బాగానే ఉంది అని రాస్తే, యంత్రం పాడైందనుకోవడానికి ముందు హెడ్‌లకు మురికి పట్టిందనుకోవాలి. వీడియో హెడ్ కొనలో ఉండే సందు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నది. పాత టేపు నుంచి రాలిన పొడి ఏ కొంచెమైనా దాన్ని మూసేస్తుంది. శబ్దాన్ని చదివే హెడ్ వేరు కనుక అది మామూలుగానే పనిచేస్తుంది. బూజు పట్టిన టేపు ఒక్కసారి ఆడించినా చాలు ఈ స్థితి రావడానికి. శుభ్రం చేయడానికి జింక తోలు లాంటి మెత్తని తోలు అతికించిన పుల్ల, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. పుల్లను డ్రమ్‌కు ఆనించి కదలకుండా పట్టుకుని, డ్రమ్‌ను పైనుంచి చేత్తో మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్ కొన విరుగుతుంది. దూది చుట్టిన పుల్లలు వాడమని సలహా ఇచ్చినవారు కూడా కనిపిస్తారు. దూది పోగు హెడ్‌కు చిక్కుకుంటే విరగడం ఖాయం కనుక ఆ సలహాను వదిలేయాలి. మూత తెరిచే ముందు ప్లగ్ తీయడంతో ఆగకూడదు, పవర్ సప్లై భాగంలో విద్యుత్తు కొంతసేపు నిలిచే ఉంటుంది కనుక ఆ వైపు చేయి పెట్టకూడదు. పొడిగా పనిచేసే క్లీనింగ్ క్యాసెట్లు మురికితోపాటు హెడ్‌ను కూడా అరగదీస్తాయి, అవసరానికి మించి వాడితే యంత్రం ఆయుష్షు తగ్గుతుంది.

టైమర్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. కరెంటు పోతే గడియారం సున్నాకు చేరడం, తర్వాత ఎవరూ సరిచేయకపోవడం, దానితో రికార్డింగ్ తప్పిపోవడం అందరికీ తెలిసిన వరుసే. కొన్ని దేశాల్లో వీడియోప్లస్, షోవ్యూ, జీ-కోడ్ అనే పేర్లతో పత్రికల్లో అచ్చయ్యే అంకెలను నొక్కితే సరిపోయే ఏర్పాటు ఉండేది. చవక యంత్రాల్లో కొన్నింటికి అదీ ఉంది, దాన్ని వాడినవారు మెచ్చుకున్నారు. అనలాగ్ ప్రసారాలు ఆగిపోయిన చోట లోపలి ట్యూనర్‌కే పని లేదు కనుక ఈ మెప్పుకూ తిట్టుకూ ఇప్పుడు విలువ లేదు.

రికార్డింగ్‌లో ఎదురయ్యే మరో రెండు విషయాలను లోపాలుగా రాసినవారు ఉన్నారు. పాత రికార్డింగ్ మధ్యలో కొత్తది మొదలుపెడితే ఆ అతుకు దగ్గర కొద్దిసేపు రంగురంగుల అలలు కనిపిస్తాయి. పాతదాన్ని చెరిపే హెడ్ డ్రమ్‌కు కొంచెం ముందు విడిగా ఉండటం వల్ల, ఆ రెంటి మధ్య ఉన్న టేపు ముక్క చెరగకుండానే దాని మీద కొత్తది పడుతుంది. డ్రమ్ మీదే చెరిపే హెడ్ ఉన్న ఖరీదైన యంత్రాల్లో ఈ బెడద ఉండదు. రెండోది, దుకాణంలో అమ్మే సినిమా క్యాసెట్‌ను నకలు చేస్తే బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉండటం. అది మాక్రోవిజన్ అనే నకలు నిరోధక సంకేతం పని. రికార్డు చేసే యంత్రంలో వెలుగును సరిదిద్దే సర్క్యూట్‌ను అది తికమక పెడుతుంది. ఈ యంత్రాన్నే తప్పుపట్టడం అన్యాయం.

ఈ మధ్య రాసిన అభిప్రాయాలు పూర్తిగా వేరే కోవకు చెందుతాయి, వాటిని పాతవాటితో కలిపి చదవకూడదు. ఫునాయ్ 2016 జూలైలో వీసీఆర్ తయారీని ఆపింది. అప్పటికి అది ఈ యంత్రాలు తయారు చేస్తున్న చివరి పెద్ద సంస్థ. అంతకుముందు ఏడాది కూడా దాదాపు ఏడున్నర లక్షల యంత్రాలు అమ్ముడయ్యాయి గాని, విడిభాగాలు దొరకడం కష్టమైంది. కాబట్టి ఇప్పుడు ఎవరు కొన్నా పాత యంత్రమే. పెట్టె తెరవని కొత్త సరుకు అన్న మాటకు కూడా పెద్ద విలువ ఇవ్వలేం, ఎందుకంటే రబ్బరు గట్టిపడటం, గ్రీజు పేరుకుపోవడం, పవర్ సప్లైలో కెపాసిటర్లు ఎండిపోవడం వంటివి పెట్టెలో కూర్చున్నా జరుగుతాయి. నడుస్తూ ఉన్న యంత్రం కన్నా ఏళ్ల తరబడి కదలని యంత్రమే మొదటి టేపును నమిలే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు కొనేవారిలో ఎక్కువమంది ఉద్దేశం పాత టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించడమే. వారి ఫిర్యాదు కొత్త రకం: పాత గాజు టీవీలో బాగానే కనిపించిన టేపు కొత్త చదును తెర మీద ఊగుతుంది, నీలి తెర వచ్చి మాయమవుతుంది, టేపు సంకేతాన్ని కంప్యూటర్‌కు అందించే క్యాప్చర్ పరికరం ఫ్రేములు వదిలేస్తుంది. టేపు నుంచి వచ్చే సంకేతంలో గీతల మధ్య కాలవ్యవధి ఎప్పుడూ కాస్త అటూ ఇటూ అవుతుంది. పాత టీవీ ఆ హెచ్చుతగ్గులను సహించి వెంట నడిచేది, అంకెలుగా మార్చే పరికరం సహించదు. ఆ వ్యవధిని సరిదిద్దే టైమ్ బేస్ కరెక్టర్ ఖరీదైన కొన్ని యంత్రాల్లోనే ఉంటుంది, చవకదానిలో ఉండదు. మధ్యలో వేరే కరెక్టర్‌నో, అలాంటి పని కొంతవరకు చేసే పరికరాన్నో పెట్టుకున్నవారు ఈ రెండు హెడ్‌ల యంత్రంతో కూడా సంతృప్తికరమైన ఫలితం వచ్చిందని రాస్తే నమ్మవచ్చు. మామూలు వేగంలో మోనో శబ్దంతో రికార్డయిన టేపులకు ఇది సరిపోతుంది. హైఫై శబ్దంతో రికార్డయిన టేపులను దీనిలో ఆడిస్తే అంచు పట్టీలోని మొద్దు శబ్దమే కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది, లోతు పొరలో ఉన్న మంచి శబ్దం టేపులోనే ఉండిపోతుంది. అది తెలియక వందల గంటల టేపు ఎక్కించి తర్వాత మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు.

వాడిన యంత్రాన్ని కొనేటప్పుడు అభిప్రాయాల కన్నా చిన్న పరీక్ష ఎక్కువ చెబుతుంది. పోయినా బాధపడనక్కరలేని ఒక మూడు గంటల క్యాసెట్‌ను తీసుకెళ్లి, మొదట ముందుకూ వెనక్కీ పూర్తిగా తిప్పించాలి. చివరికి వచ్చేసరికి వేగం మందగించి మూలిగితే రీలు నడిపే రబ్బరు అలసిపోయినట్టే. తర్వాత కొంతసేపు ఆడించి, ఆపి, క్యాసెట్ తీసి, ముందు రెక్కను ఎత్తి టేపు అంచులు చూడాలి. మళ్లీ పెట్టి వరుసగా కొన్నిసార్లు ప్లే, స్టాప్, ఎజెక్ట్ నొక్కాలి, ఎందుకంటే మెకానిజం గాడి తప్పేది ఈ మార్పుల సమయంలోనే. పాజ్‌లో చుక్కల పట్టీ కనిపిస్తే కంగారుపడనక్కరలేదు, రెండు హెడ్‌ల యంత్రంలో అది ఉండాల్సిందే. చివరగా ఏదైనా పరికరాన్ని వెనక తగిలించి కొన్ని నిమిషాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్‌ను వేరే యంత్రంలో ఆడించి చూడాలి. తెర పైనా కిందా చెదరకుండా బొమ్మ నిలిస్తే టేపు దారి సరిగా ఉన్నట్టు. అమ్మేవారు ఈ చివరి పరీక్షకు ఒప్పుకోకపోతే ఆ యంత్రాన్ని సొంత టేపులు ఆడించుకునే పెట్టెగానే లెక్కగట్టి, దానికి తగ్గ ధరే ఇవ్వాలి.